వెనక వచ్చే మనిషి

ముఖాలదేముంది, ఎప్పటికి కావలసింది అప్పుడు తగిలించుకోవచ్చు, వీపుని దిద్దుకోవడం మాత్రం ఎవరికీ చేతకాదు, అనుకుంటూ అతను ఆఖరి సైకిలు వెనక చక్రానికి గాలి కొడుతున్నాడు. టైరుని బొటనవేలితో నొక్కి చూశాడు. చాలదనిపించి ఇంకాస్త కొట్టాడు. షెడ్డులో రబ్బరు, నూనె కలిసిన పాత వాసన. ఎన్నో ఏళ్ళుగా అదే వాసన అతని చొక్కాల్లో, దుప్పటిలో కూడా ఉంది. ఇప్పుడది అతనికి తెలియడం మానేసింది.

తెలుస్తున్నది ఒక్కటే, నోట్లో ఉన్న మాట. పొద్దున అక్క పెట్టింది.

అక్క ఇంటి వెనక గదిలో ఉంటాడతను. బూట్ల తాళ్ళు కట్టుకుంటుంటే వచ్చి గుమ్మానికి ఆనుకుని నిలబడింది. "డాక్టరు సైకిలు ముట్టుకోవద్దన్నాడ్రా. మీ బావ వింటాడా? చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే. కనీసం వెనక రమ్మను. ఎక్కుడు వస్తే దిగి నడుస్తాడు, ఎవరూ చూడరు. నువ్వు ముందుకెళ్ళు."

"నేనా?"

"కాకపోతే పక్కింటాయనా? నేను చెప్తే నీకేం తెలుసంటాడు. ఇవాళే చెప్పు."

"ఊ."

"ఊ కాదు. చెప్తానను."

"చెప్తాలే అక్కా."

ముందు నేను వెళ్తా బావా. ఇంతే కదా మాట. బస్సులో సీటు అడిగినంత చిన్నది. పంపు గోడకి తగిలించి, చేతులు గుడ్డకి తుడుచుకుని, దాన్ని మనసులో ఒకసారి అనుకుని చూశాడు. వేరెవరిదో చొక్కా తొడుక్కున్నట్టుంది.

బయట జనం చేరుతున్నారు. ఒకప్పుడు ఈ దారిలో రైలు నడిచేది. పట్టాలు పీకేసి, కంకర మీద మట్టి పరిచి, సైకిళ్ళకి వదిలేశారు. మోటారు బండి అన్నది దీని మీదికి రాదు. రెండు పక్కలా గొర్రెలు మేసే బయళ్ళు, అక్కడక్కడ ఎప్పటివో రాజుల కాలపు కట్టడాలు. సంచుల్లో రొట్టె, ఉడికించిన గుడ్లు, పళ్ళు పెట్టుకుని జనం వాటిని చూడ్డానికి వస్తారు, బావా అతనూ వాళ్ళని తిప్పుకొస్తారు. బావ ఆ రైలు మార్గం మీదే పట్టాలు చూసుకునే పని చేసినవాడు. రైలు పోయినా బావ పోలేదు.

"నేను తల," అంటున్నాడు బావ, టోపీ వెనక్కి నెట్టి. రోజూ చెప్పేదే. "అడుగో, వాడు తోక. మా ఆవిడ తమ్ముడు. మధ్యలో మీరంతా పొట్ట. తలకి కబుర్లు, తోకకి దుమ్ము, పొట్ట సంగతి మధ్యాహ్నం చూద్దాం."

జనం నవ్వారు. అతను కూడా నవ్వాల్సిన చోట నవ్వాడు. బావ పెదవులు కొంచెం నీలంగా ఉన్నాయా? తెల్లారగట్ల చలికేమో.

"గొర్రెలు తప్పించుకోకుండా దారి పొడుగునా గేట్లుంటాయి," బావ చెబుతున్నాడు. "నేను తీస్తాను. మీరు దాటతారు. ఆఖర్న వాడు మూసి బెల్లు కొడతాడు. అది నా దాకా వినపడదు కాబట్టి ఎవరికి వినపడితే వాళ్ళు కొట్టి ముందుకి పంపండి. విన్నానని నేను కొడతాను, దాన్ని వెనక్కి పంపండి. అది వాడికి చేరితేనే మనమంతా ఉన్నట్టు."

బయల్దేరారు. తోకకి ఒకటే నియమం. ఎవర్నీ దాటకూడదు. ఆఖరి మనిషి ఎంత మెల్లగా వెళితే అంత మెల్లగా వెళ్ళాలి. ఆగితే ఆగాలి. అతనికి ఈ నియమం పెట్టక్కర్లేకపోయింది. బళ్ళో వెనక బల్ల, ఫొటోల్లో వెనక వరస. ఒకసారి పెళ్ళిచూపులకి వెళ్ళి అందరి తర్వాత లోపలికొచ్చి తలుపు పక్క కూర్చుంటే, ఆ అమ్మాయి చాలాసేపు బావ స్నేహితుణ్ణి చూసి పెళ్ళికొడుకనుకుంది. దాన్ని బావ ఇప్పటికీ చెప్పి నవ్విస్తాడు. ఆ అమ్మాయి ముఖం అతనికి గుర్తులేదు. వెళ్ళిపోతున్నప్పుడు జడ కింద జాకెట్టు గుండీ ఒకటి ఊడి ఉండటం గుర్తుంది.

ఇవాళ ఆఖరి వీపు ఒక పెద్దావిడది. ఆసుపత్రిలో నర్సుగా చేసి మానేసిందట. గుండ్రటి వీపు, రెండు భుజాలూ ఒకే ఎత్తులో లేవు.

"నా వెనక పడ్డావు, ఈ జన్మలో నువ్విల్లు చేరవు బాబూ," అంది తల తిప్పకుండా.

"పరవాలేదండీ."

"ఇంటి దగ్గర ఎదురుచూసేవాళ్ళు లేరా?"

"అక్క ఉంది."

"మాట్లాడవా నువ్వు? పొద్దుటి నుంచీ నోట్లో పోకచెక్క పెట్టుకున్నట్టున్నావ్."

అతను ఆవిడ వెనక చక్రానికి గాలి సరిపోయిందా అని చూస్తూ తొక్కాడు. ఆవిడ పట్టించుకోలేదు.

మొదటి గేటు మూసి బెల్లు కొట్టాడు. పెద్దావిడ కొట్టింది. ఆవిడ ముందువాళ్ళు, వాళ్ళ ముందువాళ్ళు. చప్పుడు చిన్నదవుతూ చెట్ల మలుపు దాటి పోయింది. కాసేపటికి తిరిగొచ్చింది. బావ బెల్లు ఇత్తడిది, రైల్వే సామాన్లలోంచి తెచ్చుకున్నది. మొద్దుగా, కిందనుంచి వచ్చినట్టుంటుంది. ఎంత దూరాన మోగినా, వెనక్కి పంపే సన్నటి బెల్లుల కింద అది కాస్త చెవికి ఆనుతుంది. జనానికి ఇదో ఆటయింది. కొత్తగా పెళ్ళయిన జంట గేటు లేకపోయినా కొట్టి నవ్వుకుంటున్నారు.

రాతి వంతెన దగ్గర మొదటి మజిలీ. కమానుల కింద నీళ్ళు తక్కువగా ఉన్నాయి. ఈ వంతెన కట్టించిన రాజు దీన్ని దాటకుండానే పోయాడని బావ చెబుతున్నాడు. చెబుతూ మధ్యలో ఆగి ఊపిరి తీసుకున్నాడు. కథలో అక్కడ ఆగాలి కాబట్టి ఆగాడనుకున్నారు జనం. అతను గుడ్డతో ఎవరిదో చైను తుడుస్తూ దగ్గరికి జరిగాడు. బావ చెమట పట్టిన మెడ, మెడ మీద నెరిసిన చిన్న వెంట్రుకలు. తను ఎప్పుడూ ఇంత దగ్గరగా చూడని వీపు ఇదొక్కటే.

"ఏరా, ఏదో నములుతున్నావ్?"

"ఏం లేదు బావా."

"ఏం లేకపోతే మింగెయ్. అవతల బురుజు ఎక్కుడుంది."

"నడిచి ఎక్కకూడదా?"

"తల దిగిందంటే పొట్ట కూలబడుతుంది. నీకు తెలీందేముంది. పద పద."

ఇప్పుడు చెప్పాల్సింది. చెప్పలేదని బాధ కలుగుతుందేమోనని లోపలికి చూసుకున్నాడు. ఏమీ లేదు. చేతికి స్పర్శ పోయినప్పుడు గిల్లి చూసుకున్నట్టు, అక్క ముఖాన్ని తలుచుకుని చూశాడు. గుమ్మానికి ఆనుకున్న భుజం కనపడింది గానీ ముఖం రాలేదు. బురుజు దగ్గర అన్నాల వేళ చెప్తే సరి. బావ తిని ఓ కునుకు తీస్తాడు, లేచాక మంచిగా ఉంటాడు.

బురుజు ఎక్కుడు కింద గేటుంది. అక్కణ్ణుంచి దారి మెలి తిరుగుతుంది, ముందువాళ్ళు కనపడరు. పెద్దావిడ సైకిలు దిగి నెట్టుకుంటూ, రెండడుగులకోసారి ఆగి, గొర్రెల్ని, కొండనీ, పైన విరిగిన పన్నులా కనిపించే బురుజునీ తిట్టింది. అతను గేటు మూశాడు. గడియ వేశాడు. బెల్లు కొట్టాడు. చప్పుడు మెలికల్లోంచి పైకి పోయింది.

చాలాసేపు ఏమీ రాలేదు.

గేటు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. అప్పుడొచ్చింది. సన్నగా ఉంది. కింద మొద్దుగా ఉండాల్సింది లేదు. గాలి అటు తిరిగిందేమో అనుకున్నాడు. జవాబు వచ్చింది కదా, అందరూ ఉన్నట్టే. పెద్దావిడ వెనక, ఆవిడ ఆగినప్పుడల్లా ఆగుతూ, సైకిలు నెట్టుకుంటూ పైకి నడిచాడు.

పైన జనం గోడ నీడలో గుసగుసగా తింటున్నారు. గుడ్డు పెంకులు వలుస్తున్న చప్పుడు వినపడుతోంది. కొత్త పెళ్ళికూతురు పెదవుల మీద వేలు పెట్టి చూపించింది. బావ గోడకి జారబడి, కాళ్ళు చాపుకుని, టోపీ ముఖం మీదికి లాక్కుని ఉన్నాడు.

"రాగానే నిద్రపోయారండీ," అంది చిన్నగా. "మీ బెల్లు వినపడింది. లేపడం ఎందుకని నేనే కొట్టేశా. సరిగ్గానే కొట్టానా?"

"సరిగ్గానే కొట్టారు," అన్నాడు.

వెళ్ళి బావ పక్కన గొంతుకు కూర్చున్నాడు. బావ అరచేయి పైకి తిరిగి గడ్డిలో ఉంది. చూపుడువేలి మీదినుంచి ఒక చీమ నడుచుకుంటూ వచ్చి, అరచేతి మధ్య కాయ కాసిన చోట ఆగి, ఎటు పోవాలో తెలియనట్టు చుట్టూ తిరిగింది. బావ వేళ్ళు కదలలేదు.

"బావా," అన్నాడు. "రేపట్నుంచి ముందు నేను వెళ్తా."

మాట చాలా తేలిగ్గా వచ్చింది. అంత తేలిగ్గా వస్తుందని తెలియదు. చీమ మణికట్టు దాకా పోయింది.

పెద్దావిడ తన సైకిలు పడేసి ఎప్పుడొచ్చిందో, వంగి బావ మెడ దగ్గర రెండు వేళ్ళు పెట్టింది. తర్వాత టోపీ కొంచెం ఎత్తి, కింద చూసి, మళ్ళీ ఎలా ఉన్నదాన్ని అలా పెట్టింది. అదే చేతిని అతని భుజం మీద వేసింది.

"చాలాసేపయింది బాబూ."

అతను తలూపాడు. అవతల గుడ్డు పెంకుల చప్పుడు ఒక్కొక్కటిగా ఆగిపోయింది. పెళ్ళికూతురు ఏడుపు మొదలుపెట్టింది. బండి ఇక్కడికి రాదు, రోడ్డు దాకా వెళ్ళి మనుషుల్నీ మంచాన్నీ తీసుకురావాలి. సైకిళ్ళ ఆఫీసుకి ఫోన్ చేసి ఆ సంగతి చెప్పాడు. టైరు పంచరైందని చెప్పే గొంతే. పెట్టెయ్యగానే అక్క ఫోను.

"చెప్పావట్రా?"

"చెప్పానక్కా."

"ఏమన్నాడు?"

బావ వైపు చూశాడు. "ఏమీ అనలేదు."

"అనలేదా! మౌనం అర్ధాంగీకారం. ఒప్పుకున్నట్టే. ఇన్నేళ్ళకి నీ మాట విన్నాడు చూడు. మరి ముందు నువ్వేగా వస్తున్నావ్?"

"నేనే. అక్కా... రోడ్డు దగ్గరికి రా. ఒక్కదానివే కాదు, ఎవర్నైనా తోడు తెచ్చుకో."

అటువైపు ఏదో గిన్నె కింద పెట్టిన చప్పుడైంది.

పెద్దావిడ బావ దగ్గర ఉంటానంది. మిగతావాళ్ళు సైకిళ్ళు పట్టుకుని, ఎవరు ముందో తెలియక, అతని కోసం దారి వదిలి నిలబడ్డారు. అతను వాళ్ళ మధ్యనుంచి సైకిలు నడిపించుకుంటూ వెళ్ళాడు. ముఖాలన్నీ ఎదురొచ్చాయి. ఏ వీపు ఎవరిదో ఒక్కసారిగా తెలియకుండా పోయింది. పెళ్ళికూతుర్ని దాటాడు, అందరికన్నా ముందున్న ఆయన్ని దాటాడు.

రోడ్డు వైపున్న అవతలి గేటుది అతనికి వెయ్యడమే తెలిసిన గడియ. తియ్యడానికి ఎటు నెట్టాలో ఒక్క క్షణం తట్టలేదు. పైకెత్తి లాగాడు. వచ్చింది.

గేటు పట్టుకుని నిలబడి అందర్నీ దాటించి, మళ్ళీ వాళ్ళ పక్కగా ముందుకి పోయాడు. మూసేవాళ్ళు లేక గేటు తెరిచే ఉండిపోయింది. వెనక బురుజు గోడకి బావ సైకిలు ఆనించి ఉంది, ముందు చక్రం కాస్త దారి వైపుకి తిరిగి, హ్యాండిల్ మీద ఇత్తడి బెల్లుతో.