పైకి కొట్టరా, రోరీ!

కాల్డర్‌విక్ టౌన్ జట్టు గోల్ వెనక మెట్ల మీద నిలబడి అరవడం గ్లెనిస్‌కు పెళ్లికి ముందునుంచీ అలవాటు. ఇప్పుడా గోల్‌లో నిలబడేది కన్నకొడుకే కాబట్టి, అరిచే హక్కు రెట్టింపైందని ఆమె నమ్మకం.

"పైకి కొట్టరా, రోరీ!" అంది ఆ శనివారం కూడా, బంతి అతని కాలికి తగలగానే.

రోరీ కొట్టలేదు. కొత్త కోచ్ నేర్పినట్టు పక్కనున్న డిఫెండర్‌కి మెల్లగా అందించాడు.

"చూశావా వదినా, ఎంత ముద్దుగా ఇచ్చాడో!" అన్నాడు మరిది క్లిఫ్, చేతిలోని వేడి వేడి మాంసం కూరిన రొట్టె మీద ఊదుకుంటూ.

"ముద్దెందుకయ్యా, బంతికి జోల పాడుతున్నారా? వాడు ఒక్క తన్ను తంతే అవతలి గోల్ ముందు పడుతుంది. అక్కడ క్వామె ఉన్నాడు, తాటిచెట్టంత మనిషి. తలతో నెట్టేస్తాడు. అంతేగా ఆట!"

"అది ఆట కాదు, లాటరీ. గాల్లోకి తంతే బంతి ఎవడి పాలవుతుందో? కాళ్ల దగ్గరుంటే మనదే."

"మన గోల్ ముందు పెట్టుకు కూర్చుంటే వాళ్లదవుతుంది."

ఆ మాట పూర్తయిందో లేదో, డిఫెండర్ వెనక్కిచ్చిన బంతి బురదలో ఆగిపోయింది. అవతలి వాడు దూసుకొచ్చి గోల్ కొట్టేశాడు. మెట్ల మీద జనమంతా రోరీని తిట్టిపోశారు. "ఆ గోల్‌కీపర్‌ని ఇంటికి పంపండ్రా!" అన్నాడొకడు.

గ్లెనిస్ గిరుక్కున తిరిగింది. "వాణ్ని తిట్టాలంటే నేను తిడతా. నువ్వెవడివి?"

అతను టోపీ కిందికి లాక్కున్నాడు.

తన మాటే నిజమైంది. అయినా సంతోషం కలగలేదు. క్లిఫ్ తన రొట్టెలో సగం తుంచి ఆమె చేతిలో పెట్టాడు.

ఆ ఒక్క గోల్‌తో వెనకబడే ఉన్నారు; డ్రా చేసుకున్నా చాలు, టౌన్ జట్టు కిందికి పడిపోకుండా ఇదే డివిజన్‌లో నిలుస్తుంది. ఆట ముగియబోతుండగా బంతి మళ్లీ రోరీ దగ్గరికొచ్చింది. "కొట్టు! కొట్టు!" అని జనం గోలెత్తారు. రోరీ బంతి మీద కాలు పెట్టి నిలబడ్డాడు. అవతలి వాళ్లు ఒక్కొక్కరుగా మీదికి ఉరికారు.

"ఆగు నాన్నా... ఆగు," అంది గ్లెనిస్, తనకే వినబడనంత మెల్లగా.

పక్కకిచ్చాడు. తిరిగి అందుకున్నాడు. అప్పుడు కొట్టాడు, ఖాళీగా పడున్న అవతలి సగంలోకి. క్వామె ఒంటరిగా పరుగెత్తి గోల్‌లోకి తోసేశాడు. స్కోరు సమమైంది.

ఆట డ్రాగా ముగిశాక పబ్బులో వదినా మరిదీ మళ్లీ మొదలుపెట్టారు.

"పొడుగు తన్నే గట్టెక్కించింది."

"ముందు పాసులతో వాళ్లని లాగకపోతే ఆ ఖాళీ ఎక్కణ్ణుంచొచ్చింది?"

తడి జుట్టుతో వచ్చి కూర్చున్న రోరీ, "మీ ఇద్దరి మాటా నాకు వినబళ్లేదు. వాళ్లు దగ్గరికొచ్చేదాకా ఆగానంతే. గుండె దడదడలాడిందమ్మా," అన్నాడు.

"మాకైతే ఆ దడేం కనబళ్లేదు," అంది గ్లెనిస్. ఆ గొంతులోని గర్వాన్ని దాచుకోవాలని కూడా ఆమెకు తోచలేదు. "కానీ క్లిఫ్, నేను చెప్పేదేంటంటే..."