చెయ్యి ఇలా ఇవ్వు

ఆరో అంతస్తులో ఎవరో బటన్ నొక్కారు. లిఫ్టు మనిషి స్టూలు మీద కూర్చునే తలుపులు మూసి, కళ్లు కూడా మూసుకున్నాడు. తలుపులు దగ్గరకొచ్చేటప్పుడు ఎప్పుడూ అంతే. ఊపిరి బిగబట్టి, పైకి చేరి అవి విడిపోయాకే వదులుతాడు. ఎక్కేవాళ్లు కునుకు తీస్తున్నాడనుకుంటారు. "తాతదే ఉద్యోగం! కూర్చున్నచోటే ప్రయాణం," అని నవ్వుతారు. అతనూ నవ్వుతాడు.

బక్కపల్చటి మనిషి. ఎంత చలైనా చొక్కా మెడ గుండీ పెట్టుకోడు. ఇంట్లో పడకగది తలుపు వేయనివ్వడు. "దొంగలొస్తే మీరే మర్యాద చేసి పంపండి," అని భార్య మొదట్లో సణిగి, తర్వాత ఊరుకుంది.

ఇదివరకు ఈ లిఫ్టుకి ఇనుప ఊచల తలుపుండేది. గాలాడేది. కిందటేడు అది పీకేసి స్టీలు తలుపులు బిగించారు. పని మానేద్దామని చేరినప్పటినుంచీ అనుకుంటున్నాడు, ఇప్పుడైతే రోజూ అనుకుంటాడు. కానీ ఈ పని ఇప్పించింది ఆరో అంతస్తు మేజరు గారు. తనని మట్టిలోంచి తవ్వి తీసిన మనిషి, పిలిచి బతుకుతెరువు చూపిస్తే, "నాకు మూసిన గదంటే భయమండీ" అని ఏ నోటితో చెప్తాడు? ఇవాళ చెప్దాం, రేపు చెప్దాం అనుకుంటూనే జుట్టు నెరిసిపోయింది.

తలుపులు తెరుచుకున్నాయి. మేజరు గారి కూతురు తండ్రి మోచెయ్యి పట్టుకుని నిలబడి ఉంది.

"బాబాయ్, నాన్నని కాసేపు ఎండలో కూర్చోబెట్టి తీసుకొస్తావా? పొద్దుట్నుంచీ తలుపు తియ్యమని ఒకటే గొడవ. తాళం వెయ్యకపోతే వీధిలోకి వెళ్లి తప్పిపోతారు, వేస్తే ఇదీ వరస." ఆమె కళ్లు నిద్రలేక గుంటలు పడ్డాయి.

"నేను చూసుకుంటాగా, నువ్వెళ్లి నడుం వాల్చమ్మా."

మేజరు గారు ఒకప్పుడు తాటిచెట్టంత మనిషి. ఇప్పుడు చొక్కా కొక్కేనికి తగిలించినట్టుంది. ఎడమ భుజం కిందికి జారి ఉంటుంది.

"నువ్వెవరు?" రోజూ అడిగినట్టే అడిగారు మేజరు గారు.

"మీ సిపాయినే సార్."

"నాకు సిపాయిలెక్కడివి?"

లిఫ్టు కదిలింది. మేజరు గారితో దిగేటప్పుడు మాత్రం అతను ఊపిరి బిగబట్టడు; రోజూ చెప్పినట్టే చెప్పాడు. కొండ మీద యుద్ధం. ఫిరంగి గుండు పడి బంకరు కప్పు కూలింది. లోపల ఒక కుర్ర సిపాయి ఉండిపోయాడు. అందరూ వెనక్కి తగ్గాలని పైనుంచి ఆర్డరు వచ్చింది. ఆఫీసరు తనవాళ్లందరినీ కిందికి పంపేసి, ఒక్కడే పాక్కుంటూ మళ్లీ పైకొచ్చాడు. గుండ్లు పడుతుంటే తినే గిన్నెతో తవ్వాడు. అది వంగిపోతే గోళ్లతో తవ్వాడు. భుజంలో ఇనుప ముక్క దిగినా ఆగలేదు. ఆయన శత్రువుల మరఫిరంగిని కూడా పట్టుకున్నారని పతకం ఇచ్చేటప్పుడు చదివారు. అది లిఫ్టు మనిషి చూడలేదు. చీకట్లోకి, మట్టిలోంచి, నెత్తురోడుతూ వచ్చిన చెయ్యి ఒక్కటే చూశాడు.

"పొమ్మంటే పోకుండా వెనక్కొచ్చాడా? మొండిఘటంలా ఉన్నాడే!" అన్నారు మేజరు గారు. "బతికే ఉన్నాడా?"

"ఉన్నారు సార్."

అప్పుడే కరెంటు పోయింది. లిఫ్టు ఒక్క కుదుపు కుదిపి ఆగింది. కన్ను పొడుచుకున్నా కనిపించని చీకటి. లిఫ్టు మనిషి స్టూలు మీంచి జారి నేలమీద పడ్డాడు. పచ్చిమట్టి వాసన ముక్కులో గుప్పుమంది. అరవబోతే శబ్దం రాలేదు.

"ఎవరది? దెబ్బ తగిలిందా?" చీకట్లోంచి వచ్చిన ఆ గొంతులో ముసలితనం లేదు.

"గాలి... గాలి లేదు సార్."

"ఉంది. నేను పీల్చడం లేదూ? చెయ్యి ఇలా ఇవ్వు." వేళ్లు తడుముకుంటూ వచ్చి అతని మణికట్టు దొరకబుచ్చుకున్నాయి. మేజరు గారు తలమీది ఊలు టోపీ తీసి అతని మొహానికి విసరసాగారు. "ఇంట్లో ఎవరెవరున్నారు? ఒక్కొక్కళ్లనే చెప్పు. తొందర లేదు."

ఆనాడూ ఇదే అడిగారు. ఆనాడు అమ్మ అన్నాడు, చెల్లెలు అన్నాడు. ఇప్పుడు భార్య అన్నాడు, మనవరాలు అన్నాడు. ఊపిరి కాస్త దారిన పడ్డాక, ఇన్నేళ్లూ గొంతులో అడ్డం పడిన మాట దానంతటదే బయటికొచ్చింది.

"నాకీ లిఫ్టంటే భయం సార్. మొదటిరోజు నుంచీ."

"మరి చెప్పవేంరా?"

"మీరిప్పించిన పని సార్."

"ఎవడో ఇప్పించాడని కూర్చుంటావా? మానెయ్. ఆర్డరు."

కరెంటొచ్చింది. మేజరు గారు వెలుతురుకి కళ్లు చికిలించి, తన చేతిలో ఉన్న చేతిని వింతగా చూసి, "నువ్వెవరు?" అన్నారు. కానీ చెయ్యి వదల్లేదు.

ఇద్దరూ కిందికి దిగి, గోడవార సిమెంటు బల్ల మీద ఎండలో కూర్చున్నారు. మేజరు గారు ఏదో అనబోయి, మరిచిపోయి, నవ్వి, అతని భుజం మీద తల వాల్చారు. నిద్రపట్టిందనుకుని లిఫ్టు మనిషి కదల్లేదు. నీడ పాదాల మీదికి పాకాక, పట్టుకున్న వేళ్లు చల్లబడ్డాయని తెలిసింది.

స్ట్రెచరు లిఫ్టులో పట్టలేదు. కూతురు ఏడుస్తూ ముందు నడుస్తుంటే, లిఫ్టు మనిషి తలవైపు పట్టుకుని మెట్లమీదుగా ఆరో అంతస్తుకి మోశాడు. మధ్యలో ఎవరు చెయ్యి వేస్తామన్నా తన వైపు వదల్లేదు. తిరిగి మెట్లమీదుగానే దిగి, లిఫ్టు తాళంచెవులు కాపలావాడి చేతిలో పెట్టి, వీధిలోకి నడిచాడు.

పై అంతస్తుల్లో ఎవరెవరో బటన్లు నొక్కుతున్నారు. ఖాళీ లిఫ్టులో, పడిపోయిన స్టూలు పక్కన, లోపలి అంచుకి రెండు తెల్లవెంట్రుకలు అంటుకున్న ఊలు టోపీ ఒకటి పైకీ కిందికీ తిరుగుతోంది.