పెడల్ మీద కాలు

2024 డిసెంబరు పదకొండు, బుధవారం ఉదయం. భీమడోలుకు దక్షిణాన కొల్లేటి గట్టు మీది చేపల ప్యాకింగ్ షెడ్డులో నలుగురున్నారు: యజమాని చిట్టిబాబు, ట్రేలు లెక్కపెట్టే సీతారత్నం, లెక్కకు కొత్త ప్రోగ్రాము రాసి తాడేపల్లిగూడెం నుంచి తెచ్చిన ప్రసన్న, ఏలూరు కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పి మానుకున్న భాస్కరరావు.

చేతులు తడిగా ఉంటాయి గనుక సీతారత్నం లెక్కను కాలితో కొడుతుంది. ట్రే ఐసులోకి వెళ్లగానే కంప్యూటర్‌కు తగిలించిన పెడల్ నొక్కితే, కంప్యూటర్‌ను నడిపే లినక్స్ దాన్ని కీబోర్డు మీట నొక్కినట్టే ఎంచి ప్రోగ్రాముకు కబురందిస్తుంది. ఆ కబురు చదివే ప్రోగ్రాము ఎనిమిదేళ్లుగా భాస్కరరావుది. అందులో పెడల్‌ను పేరుతో కాక పరికరాల వరుస సంఖ్యతో గుర్తించాడాయన. ఎవరైనా మౌస్ తగిలించి కంప్యూటర్ ఆపి మళ్లీ వేస్తే ఆ సంఖ్య మారిపోయేది, లెక్క నిలిచిపోయేది, "మాస్టారూ, కాస్త రావాలండీ" అని ఫోను వచ్చేది. బస్సెక్కి వచ్చి ఒక్క అంకె దిద్దితే కుర్చీ వేసేవారు, టీ తెప్పించేవారు. ఆయనను అలా పిలిచే గుమ్మం మరొకటి లేదు.

ప్రసన్న ప్రోగ్రాము పెడల్‌ను పేరు చూసి పట్టుకుంటుంది, ఎక్కడ తగిలించినా తడబడదు. ఇక ఆయనను పిలిచే పనే ఉండదు. పరీక్షించి సంతకం చేయమని చిట్టిబాబు ముందురోజే ఆ ప్రోగ్రాము ప్రతిని ఆయనకే పంపాడు. ఆ పొందికైన రాత చదువుతూ భాస్కరరావు ఓర్వలేకపోయాడు. నలభయ్యో వరుసలో తప్పు కనబడ్డాక గానీ చల్లబడలేదు. ఎవరికీ చెప్పలేదు.

"లా...భం" అని సీతారత్నం మొదటి ట్రేకు రాగం తీసింది. ఆ షెడ్డులో ఎవరూ ఒకటి అని లెక్క మొదలుపెట్టరు. రాగం ముగిసేదాకా ఆమె కాలు పెడల్ మీదే ఉంటుంది. తరువాత రెండు, మూడు అంటూ చకచకా సాగింది. ఇరవై ట్రేలయ్యేసరికి తెర మీద నలభై మూడు.

"కాలు వెంటనే తియ్యాలి కదా పిన్నీ," అన్నాడు చిట్టిబాబు విసుగ్గా.

"లాభాన్ని కత్తిరించమంటారేంటండీ? మీ నాన్నగారప్పుడూ ఇలాగే అన్నాను."

"ఆవిడ తప్పు కాదండీ," అంది ప్రసన్న. "నా ప్రోగ్రాములోనే ఉంది. ఏంటో తెలియట్లేదు."

ఎనిమిదేళ్లలో భాస్కరరావు ఆ మాట ఒక్కసారీ అనలేదు; తప్పెప్పుడూ మౌస్ తగిలించినవాళ్లదే. ఆమె ప్రోగ్రాము కన్నా, అంత సులువుగా ఆ మాట అనగలిగినందుకే ఆయనకు ఎక్కువ అసూయ కలిగింది. ఇక నోరు మూసుకుని ఉండలేకపోయాడు.

"నొక్కితే ఒకటి, వదిలితే సున్నా, నొక్కే ఉంచితే రెండు మీద రెండు వస్తూనే ఉంటుందమ్మా. నువ్వు సున్నా కానిదల్లా లెక్కేశావు. ఒకటినే లెక్కెయ్యి."

ఆమె క్షణాల్లో దిద్దింది. సీతారత్నం మళ్లీ రాగం తీసింది. ఇరవై ట్రేలకు ఇరవై.

"ప్రోగ్రాము చూడకుండానే ఎలా తట్టిందండీ మీకు?" అని అడిగింది ప్రసన్న.

"తట్టలేదు. నిన్ననే చూశాను."

ప్రసన్న తల దించుకుంది. చిట్టిబాబు మాట మార్చి, రెండో షెడ్డులో కూడా పెట్టగలరా ప్రసన్నగారూ అని అడగసాగాడు. ఆ 'గారూ' భాస్కరరావు చెవిలో గుచ్చుకుంది.

సంతకం చేయాల్సిన కాగితం మీద భాస్కరరావు 'పనికొస్తుంది' అని రాశాడు. దాని కింద, 'దోషం ముందే గమనించాను, చెప్పలేదు' అని చేర్చి సంతకం పెట్టాడు. నాలుగు మడతలు వేసి, ఎవరూ అడగకముందే చిట్టిబాబు బల్ల సొరుగులో పెట్టి మూసేశాడు.