ఆరున్నర నిమిషాల మైలు

యూనివర్సిటీ మైదానంలో గోల్ స్తంభాలు లేవు. ఇనుము కావాలంటూ యుద్ధం మొదలైన ఏడాదే పీక్కుపోయారు. సగం నేల కందకాల పాలైంది. మిగిలింది పరుగు బాట ఒక్కటే. గీతలకు సున్నం కూడా దొరక్క వ్యాయామం మేష్టారు పొద్దున్నే బూడిదతో గీసుకున్నాడు.

ఆ రోజు మైలు పరుగు, నాలుగు చుట్లు. ఆరు నిమిషాల్లోపు ముగించినవాడు సోమవారం యుద్ధానికి పోవాలి. అంతకు మించి పట్టినవాడు చదువుకుంటూ ఆస్పత్రి గోదాములో మూటలు మొయ్యాలి. పరిగెత్తేవాళ్లలో మేష్టారి మేనల్లుడున్నాడు. మూడేళ్లుగా యూనివర్సిటీ ఛాంపియన్. వాడి అన్న పోయిన చలికాలం యుద్ధంలోనే పోయాడు. మేష్టారి అక్కకు ఇక మిగిలింది వీడొక్కడే.

పరుగుకు ముందు వాణ్ణి బంతుల గదిలోకి లాక్కెళ్లి తలుపు వేశాడు మేష్టారు.

"ఆరున్నర. ఒక్క సెకను తగ్గినా కాళ్లు విరగ్గొడతా."

"అలాగైనా యుద్ధం తప్పుతుందిలే మామయ్యా."

"వెటకారాలు చాలు. మీ అమ్మకి మాటిచ్చాను. తొడ పట్టేసిందని రిజిస్టర్లో రాసి ఉంచా."

"నాకు ఓడిపోవడం నేర్పలేదుగా నువ్వు."

"ఇవాళ నేర్చుకో."

పేర్లు రాసుకోవడానికొచ్చిన సైన్యం అధికారి గీత పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. మేష్టారు విజిల్ ఊదాడు. ఏం చిత్రమో, ఇరవై మంది కుర్రాళ్లకూ ఒకేసారి మోకాళ్ల నొప్పులొచ్చాయి. పెళ్లి ఊరేగింపు కూడా అంతకంటే వేగంగా నడుస్తుంది. అధికారి నవ్వలేదు. మేష్టారి చేతిలో స్టాప్‌వాచ్ చెమటకు జారుతోంది.

మూడో చుట్టు ముగిసేసరికి నాలుగు నిమిషాల యాభై సెకన్లు. మేనల్లుడు అందరికంటే ముందున్నా, బుద్ధిగా నడుస్తున్నట్టే పరిగెడుతున్నాడు. మేష్టారు ఊపిరి పీల్చుకున్నాడు.

అప్పుడు లా కాలేజీ వాడు కదిలాడు. పొడుగు కాళ్లవాడని అందరూ కొంగ అంటారు. మూడేళ్లుగా మేనల్లుడి వెనకాలే రెండో స్థానం వాడిది. వాడికీ యుద్ధానికి పోవాలని లేదు. కానీ ఎంత నత్తనడక పందెమైనా పందెమే కదా, ఒక్కసారైనా వీడికంటే ముందు గీత దాటాలనిపించింది. పక్కకొచ్చి, ఓ చూపు చూసి, రెండడుగులు ముందుకేశాడు. మేనల్లుడు మూడేశాడు. కొంగ నాలుగు.

కొంప మునిగేలా ఉందని మేష్టారికి అర్థమైంది. ఆపమని సైగ చెయ్యాలి, దగ్గాలి, ఏదో ఒకటి చెయ్యాలి. కానీ ఇద్దరూ చివరి మలుపు తిరిగారు, భుజం భుజం రాసుకుంటూ, ప్రాణం పెట్టి పరిగెడుతూ. అంత అందమైన పరుగు ఆయన ఇరవై ఏళ్ల సర్వీసులో చూడలేదు. కొంగ జానెడు ముందుకొచ్చాడు.

"చేతులు ఊపరా! ఉరుకు! ఇంకా ఉరుకు!"

ఆ గొంతు తనదేనని తెలియడానికి మేష్టారికి క్షణం పట్టింది. కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేమని ఊరికే అన్నారా? మేనల్లుడు ఆ కేక అందుకున్నాడు. మూడేళ్లుగా ఆ కేకకు ఎలా పరిగెత్తాడో అలాగే పరిగెత్తి, ఛాతీ ముందుకు తోసి గీత దాటాడు.

అధికారి లేచి వచ్చి స్టాప్‌వాచ్‌లోకి తొంగి చూశాడు. ఐదు నిమిషాల యాభై రెండు సెకన్లు. రెండు పేర్లు రాసుకున్నాడు.

"మంచి శిక్షణ ఇచ్చారు మేష్టారూ," అన్నాడు. నిజంగానే మెచ్చుకున్నాడు పాపం.

కొంగ గడ్డిలో వెల్లకిలా పడి ఉన్నాడు. మేనల్లుడు మోకాళ్లమీద చేతులాన్చి రొప్పుతున్నాడు. మేష్టారు స్టాప్‌వాచ్ జేబులో వేసుకుని దగ్గరికి వెళ్లాడు.

మేనల్లుడే తలెత్తాడు. చెమట తుడుచుకుని చుట్టూ చూసి, గొంతు తగ్గించాడు.

"అమ్మకి నువ్వు అరిచావని చెప్పకు మామయ్యా. నేనే మొండికేశానని చెబుదాం. సోమవారం నుంచి తనకి నువ్వొక్కడివే."