సారయేవో మలుపు కాడ మన పోరడు

మా ఆయన బుర్హానుద్దీన్‌కు అన్ని గుణాలూ ఇచ్చిన అల్లా, ఫోనును చెవికి ఆనించుకునే గుణం ఒక్కటి ఇవ్వడం మరిచిపోయాడు. కోరుట్లలో మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేసే మనిషి. ఎవరు ఫోన్ చేసినా స్పీకర్ పెట్టి, పళ్లెంలా అరచేతిలో పట్టుకుని వింటాడు. మా ఆడపడుచు మున్నీ నా వంట గురించి ఏమనుకుంటుందో నాకంటే ముందు మా గల్లీకి తెలుస్తుంది. "దాచుకునేటందుకు మన దగ్గర ఏమున్నది జబీన్" అంటాడు. ఏమీ లేదనే నేనూ అనుకునేదాన్ని.

మా అమ్మాయి తబస్సుమ్ జగిత్యాలలో డిగ్రీ చదువుతోంది. కాలేజీ సెమినార్‌లో చదవడానికి దానికి వచ్చిన విషయం, 'ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్ల అంతర్జాతీయ సంబంధాలు'. సంబంధాలు అన్న మాట చెవిన పడగానే మున్నీ, "పిలగాడు ఏం జేస్తడు?" అని అడిగింది.

నేనూ ఒకప్పుడు చరిత్రలో బీఏ చేసినదాన్నే. ఆ చదువు ఇన్నాళ్లూ బియ్యం డబ్బా వెనకాల పడి ఉంది. లైబ్రరీ పుస్తకాలు ముందు నేను చదివి, కుక్కర్ కూతల మధ్య అర్థం చేసుకుని, దానికి చెప్పేదాన్ని. ఇంట్లో మాట్లాడేది ఉర్దూ అయినా ఇద్దరం తెలుగు మీడియం కాబట్టి చరిత్ర మాత్రం తెలుగులోనే నడిచేది. ఏ దేశం ఏ దేశం వైపో ఎంత చెప్పినా దానికి గుర్తుండకపోతే చుట్టాలతో పోల్చి చెప్పాను. ఆస్ట్రియా అంటే మీ మున్నీ అత్త. అలిగితే దిగదు. జర్మనీ ఆమె మొగుడు, నువ్వేం చేసినా నేనున్నానంటాడు. సెర్బియా చిన్న కోడలు. రష్యా ఆ కోడలి అన్న.

"ఇగ కొట్లాట కాక ఏమైతది అమ్మీ" అంది తబస్సుమ్. సగం వ్యాసం ఆ పూటే అయిపోయింది.

సెమినార్ రోజు పొద్దున తండ్రీ కూతుళ్లు ఒకే బస్సెక్కారు. ఆయనకు జగిత్యాలలో మోటార్ వైండింగ్ తీగ కావాలి. బస్సు కదిలాక తబస్సుమ్ ఆయన ఫోను నుంచి చేసింది. దాని ఫోను చార్జింగ్ అయిపోయిందట. 1914లో ఆస్ట్రియా యువరాజును చంపిన ఘట్టం కలగాపులగంగా ఉందట, ఒకసారి వాట్సాప్‌లో వాయిస్ పెట్టమంది. పప్పు తిరగమోత పెడుతూనే చెప్పాను.

"ఇను, బెదరకు. సారయేవోల సారు, మేడం టాపు లేని కారుల వస్తరు. పొద్దుగాల బాంబు ఏస్తరు, అది తప్పిపోతది. మల్ల అచ్చేటప్పుడు డ్రైవరు తప్పు మలుపు తిప్పుతడు. గా మలుపు కాడనే మన పోరడు నిలవడి ఉంటడు. రెండే గుండ్లు. ప్రిన్సిప్ పేరు మరువకు."

ఆ వాయిస్‌ను మా ఆయన బస్సులో ఎట్లా పెట్టి ఉంటాడో వేరే చెప్పాలా?

కాసేపటికి మళ్లీ ఫోను. తబస్సుమ్ గొంతు సన్నగా ఉంది. "అమ్మీ, బస్సు ఆపిండ్రు. పోలీసులు. అబ్బాను దింపిండ్రు, నన్ను గూడ దిగుమంటుండ్రు. నీ వాయిస్..." అంతే. తిరిగి చేస్తే స్విచాఫ్.

పొయ్యి ఆపానో లేదో గుర్తులేదు. నా ఫోనులో ఆ వాయిస్ నేనే పెట్టుకుని విన్నాను. సారయేవో. రెండోసారి విన్నప్పుడు అది నాకే సారంగాపూర్‌లా వినబడింది. ఆ రోజే సారంగాపూర్‌లో ఏదో ప్రారంభోత్సవం. ఒక పెద్ద నాయకుడు భార్యతో సహా వస్తున్నాడని వారం నుంచి దారి పొడుగునా ఫ్లెక్సీలు.

మా ఇంట్లో దీపావళి బాంబు గురించి కూడా గొంతు తగ్గించే మాట్లాడతాం. అలాంటిది బాంబు, గుండ్లు, మన పోరడు, అన్నీ ఒక్క ఊపిరిలో చెప్పాను. వాయిస్ డిలీట్ చేద్దామని వేలు పెట్టాను. చేస్తే దాచినట్టు, చేయకపోతే ఒప్పుకున్నట్టు. అట్లాగే వదిలేశాను. చివరికి లైబ్రరీ పుస్తకం చంకలో పెట్టుకుని బయటపడ్డాను.

పక్కింటి మొగిలవ్వ నా ముఖం చూసి ఏమీ అడక్కుండా చెప్పులు వేసుకుంది. ఆటోలో సంగతంతా చెప్పాను. అంతా విని, "గా సచ్చిపోయిన సారు మనోడేనా బిడ్డా?" అంది.

"కాదవ్వా. ఆస్ట్రియా."

"మరి గాళ్లకు లేని బాధ వీళ్లకేంది?"

ఆటో అబ్బాయిని ఇంకా తొందరగా పోనిమ్మన్నాను.

దారిలో మొదట కనబడిన ఠాణాలోనే మా ఆయన బల్ల మీద కూర్చుని ఉన్నాడు. తల మీద ఉండాల్సిన టోపీ మోకాలి మీద ఉంది. పక్కన తబస్సుమ్, వ్యాసం కాగితాలు గుండెకు హత్తుకుని. ఎదుటి కుర్చీలో తెల్లచొక్కా పెద్దమనిషి ఒకాయన, పేరు హరిప్రసాద్. బస్సులో వీళ్ల ముందు సీటు ఆయనదే. పోలీసులకు ఫోన్ చేసి చెప్పిందీ ఆయనే.

ఎస్సై గోవర్ధన్ వాయిస్ వినిపించాడు. "గీ గొంతు నీదేనా అమ్మా?"

"నాదే సార్. అది చరిత్ర సార్. యూరప్‌ది."

"సారంగాపూర్ యూరప్‌ల ఎప్పుడు కలిసింది?"

"సారంగాపూర్ కాదు సార్, సారయేవో."

"మరి ప్రిన్సిపాల్‌కు దీంతోటి ఏం పని? కాలేజీకి ఫోన్ చేస్తే ఆయనకు బీపీ పెరిగింది."

"ప్రిన్సిపాల్ కాదు, ప్రిన్సిప్. కాల్చినోని పేరు."

"కాల్చినోడు మన పోరడెట్లయిండు?"

యాదుండాలని అన్నాను సార్ అంటే నాకే నమ్మకం కలగలేదు. పుస్తకం తెరిచి బల్ల మీద పెట్టాను. ఆయన ఆ పేజీ నెమ్మదిగా చదివాడు. వాయిస్ ఇంకోసారి విన్నాడు. నుదురు రుద్దుకున్నాడు.

"నాకైతే సమజైంది. కని పైకి చెప్పినం. పైనుంచి టీము బయలెల్లింది. ఇప్పుడు నేను వద్దంటే, ఎందుకు వద్దన్నవంటరు. చెప్పినాయన తప్పు విన్ననంటే వేరే. లేకపోతే వాళ్లు అచ్చినంక పిల్ల పేరు గూడ రాయాలె."

సైన్యాలను ఒకసారి కదిలించాక ఆపడం రాజుల వల్ల కూడా కాలేదని చదివి, పక్కన పెన్సిలుతో 'ముఖ్యం' అని రాసుకున్నాను. ఎందుకు ముఖ్యమో ఆ బల్ల ముందు తెలిసింది. ఒకసారి రాసిన పేరును ఎవరు తుడుస్తారు? దాని చదువు, దాని ఉద్యోగం, పాస్‌పోర్టు, అన్నింటికీ ముందు ఆ పేరే వచ్చి నిలబడుతుంది.

"నేను తప్పు వినలే" అన్నాడు హరిప్రసాద్, అవసరానికి మించి గట్టిగా. "రిటైరయ్యేదాక టెలిఫోన్ ఎక్స్ఛేంజీల చేసిన. ఎంత గరగర ఉన్నా ఒక్క మాట పోనియ్యలే."

"గింత పిల్లను పట్టుకొని ఏం మాటలయ్యా" అని మొగిలవ్వ ఆయన ఎడమపక్క నుంచి సణిగింది. ఆయన చూడనైనా లేదు. ఎస్సై అడిగిన ప్రతిసారీ మెడ తిప్పి కుడిచెవి ముందుకు పెడుతున్నాడు. నేను కావాలనే ఎడమపక్కకు వెళ్లి నిలబడ్డాను.

"అన్నా, నీళ్లు తాగుతరా?"

"ఔను, కోరుట్లలనే ఎక్కిన" అన్నాడు.

ఎస్సై కాగితాల్లో తల దించి ఉన్నాడు, వినలేదు. అప్పుడే అరిచి చెప్పొచ్చు. నాలుక చివరి దాకా వచ్చింది కూడా. కానీ మున్నీతో ఇన్నేళ్లు వేగినదాన్ని. అలిగినవాళ్లను పదిమందిలో తోస్తే ఇంకో మెట్టు పైకెక్కుతారు తప్ప దిగరు. కుడిపక్కకు వెళ్లి చిన్నగా అన్నాను.

"మా అత్తమ్మకు గూడ ఒక దిక్కే ఇనబడేది అన్నా. ఆమెతోటి మాట్లాడేటప్పుడు గీ పక్కకే అస్తుంటిమి."

ఆయన నా వైపు చూడలేదు. చెయ్యి మాత్రం ఎడమ చెవి మీదికి పోయింది.

"తబస్సుమ్, ఈ సారు కుడిపక్క నిలవడి నీ వ్యాసం చదువు."

"అమ్మీ, ఇక్కడనా?"

"సెమినార్ ఎక్కడైతేంది? చదువు."

మొదటి వాక్యం సగంలో తెగింది. మళ్లీ మొదలుపెట్టింది. "1914 జూన్ ఇరవై ఎనిమిదిన, సారయేవో నగరంలో..."

హరిప్రసాద్ చెయ్యెత్తాడు. "గా ఊరి పేరు మల్ల చెప్పు బిడ్డా."

"సారయేవో."

"మల్ల."

"సారయేవో, సార్."

ఆయన కళ్లు మా ఆయన మోకాలి మీదున్న టోపీ దగ్గర ఆగాయి. బయట ఏదో బండి వచ్చి ఆగింది. ఎస్సై లేచి కిటికీలోంచి చూశాడు. తబస్సుమ్ నా కొంగు పట్టుకుంది.

"రాసుకో సారు, వాళ్లు లోపలికి రాకముందే" అన్నాడు హరిప్రసాద్. ఈసారి గొంతు చిన్నగానే ఉంది. "నాకు ఎడమ చెవి ఇనరాదు. ఇంట్ల గూడ ఎవలకు చెప్పలే. బస్సుల సగమే విన్న. ఇనని సగం ఈయన టోపీ చూసి నేనే నింపుకున్న. తప్పు నాదే."