సీసం బిళ్లలు

అక్షరాలు నాకు వయసు మళ్లాక వచ్చాయి. ఒత్తులూ దీర్ఘాలూ అక్కడక్కడా జారిపోతాయి, చేయి కూడా నత్తనడకే. చదివేవాళ్లు పెద్దమనసు చేసుకోవాలి.

తాళంచెవులు చేసే తాళాలాయన భార్య పరదాల దుకాణంలో కుట్టుపని చేసేది. పరదా గాలికి ఎగరకుండా నిటారుగా వేలాడాలంటే కింది అంచు మడతలో సీసం బిళ్లలు పెట్టి కుడతారు. చూడ్డానికి బొత్తామంత ఉంటాయి గానీ, అరచేతిలోకి తీసుకుంటే తెలుస్తుంది వాటి బరువు. వాటిని మొగుడి ప్యాంటు నడుంపట్టీలో కుట్టే రోజొకటి వస్తుందని ఆమె కలలో కూడా అనుకోలేదు.

తాళాలాయనకు ఊపిరితిత్తిలో క్యాన్సరు. మామూలు మందులన్నీ అయ్యాయి. జుట్టు పోయింది, గడ్డ మాత్రం కదల్లేదు. అప్పుడు పెద్ద డాక్టరమ్మ ఒక కొత్త మందు సంగతి చెప్పింది. ఇంకా బజారులోకి రాలేదు, పరిశోధనలో ఉంది, ఒప్పుకుంటే మూడు వారాలకోసారి నరానికి ఎక్కిస్తారు. ఆ మందు నేరుగా గడ్డను చంపదట. రోగంతో పోట్లాడే కణాలు ఒంట్లోనే ఉంటాయి కదా, గడ్డ వాటిని ఏమార్చి జోకొడుతుందట. మందు వాటిని లేపుతుందట.

"అంటే నిద్రపోతున్న పోలీసుల్ని లేపడమన్నమాట," అన్నాడు తాళాలాయన.

"అంతే. కానీ లేచిన పోలీసులు ఒక్కోసారి దొంగతో పాటు ఇంటాయన్ని కూడా బాదేస్తారు," అంది డాక్టరమ్మ. "విరేచనాలు, దద్దుర్లు, ఆయాసం... ఏది వచ్చినా ఆ రోజే చెప్పాలి. వెంటనే చెబితే సరిచెయ్యగలం. దాచారో, ప్రాణం మీదికొస్తుంది."

ఇద్దరూ బుద్ధిగా తలూపి వచ్చారు. తలూపడానికేం.

కొన్నాళ్లకు తీసిన స్కానులో గడ్డ సగానికి సగం తగ్గింది. తాళాలాయన ఇంటికొచ్చి చొక్కా అయినా మార్చకుండా, "ఏమే, దుకాణంలో తాళంచెవులు కోసే మిషను పాతదైపోయింది, మార్చేద్దామా?" అన్నాడు. రాబోయే రోజుల గురించి ఆయన మాట్లాడి ఎన్నాళ్లయిందో! ఆమె వంటింట్లోకి పోయి మొహం కడుక్కుని వచ్చింది.

ఆ వారమే విరేచనాలు పట్టుకున్నాయి.

ఆసుపత్రి హాల్లో హెడ్మాస్టరు అని ఒకాయన ఉండేవాడు. చేసింది బస్సు కండక్టరు పనే. ఆ మందు ఎక్కించుకునేవాళ్లలో అందరికన్నా పాతకాపు కాబట్టి కొత్తవాళ్లకు పాఠాలు చెప్పేవాడు, అందుకా పేరు.

"ఎలా ఉంది అని సిస్టరు అడిగితే ఏమంటావోయ్ తాళాలూ?"

"కడుపు కాస్త..."

"సున్నా మార్కులు! బాగున్నానమ్మా అనాలి. ఆకలి? దంచేస్తున్నాను. నిద్ర? గురకే గురక. విరేచనం? పొద్దున్నే ఒక్కసారి, గడియారంలాగ." చుట్టూ అందరూ నవ్వారు. హెడ్మాస్టరు గొంతు తగ్గించాడు. "కిటికీ పక్కన కూచునేవాడు గుర్తున్నాడా? సత్యహరిశ్చంద్రుడిలా ఉన్నదున్నట్టు చెప్పాడు. మందు ఆపేశారు. ఇప్పుడా కుర్చీలో ఎవరున్నారో చూడు."

ఎవరూ లేరు.

"ఇంకోటి. బరువు తగ్గితే పట్టేస్తారు. తూకం దగ్గర జాగ్రత్త."

ఇంటికొచ్చాక తాళాలాయన ఆమె కుట్టుబుట్ట వైపే చూస్తూ కూచున్నాడు.

"జేబులు తీయించి చూస్తుంది ఆ సిస్టరు. నడుంపట్టీ చూడదు కదా."

"మీకు మతి గానీ పోయిందా? డాక్టరమ్మ ఏం చెప్పింది?"

"చెబుతుంది, ఆవిడదేం పోయింది? ఇన్నాళ్లకు ఒక మందు పనిచేస్తోందే. నోటి దగ్గర ముద్ద లాగెయ్యకు."

ఆమె కుట్టింది. పైకి ఒక్క కుట్టు కనిపించకుండా, ఎక్కడా ఉబ్బు తేలకుండా కుట్టింది. చేయి తిరిగిన మనిషి మరి.

"బరువు బాగా నిలబెట్టుకున్నావు బాబాయ్!" అంది తూకం దగ్గర సిస్టరు. అవతల హెడ్మాస్టరు కన్ను గీటాడు.

విరేచనాలు కట్టే మాత్రలు ఒకే దుకాణంలో కొంటే అడుగుతారని వీధికో దుకాణంలో కొనుక్కునేవాడు తాళాలాయన. కంచం ముందు కూచున్న మనిషి రెండు ముద్దలకే లేచిపోయేవాడు. బుగ్గలు లోపలికి పోయాయి. తడిపిన బట్టల్లో ఆమెకు నెత్తురు కనిపించింది.

"మొలలై ఉంటాయిలేవే. మా నాన్నకీ ఉండేవి."

నమ్మితే పోలా అనుకుంది ఆమె. ఇంకొన్ని బిళ్లలు కుట్టింది.

తరవాతిసారి ఆయన తూకం దిగి మందు ఎక్కించే గదిలోకి వెళ్లాడు. ఆమె ఊరికే, మాటవరసకు అడిగింది.

"వచ్చినప్పుడల్లా ఈ తూకం దేనికమ్మా?"

"మందు కొలత దాన్ని బట్టే కదా పిన్నీ," అంది సిస్టరు. "మనిషి ఎంత బరువుంటే మందు అంత."

బిళ్లలు ఉత్త అబద్ధమే ఆడుతున్నాయనుకుంది ఆమె ఇన్నాళ్లూ. అవి ఆ ఎండిపోయిన ఒంట్లోకి ఇంకాస్త మందు పోయిస్తున్నాయి! గాజు తలుపు అవతల తాళాలాయన చొక్కా చేయి మడిచి కూచున్నాడు, పక్కవాడితో ఏదో చెప్పి నవ్వుతున్నాడు.

"పిన్నీ, ఏంటలా అయిపోయావు?"

"ఆయన నడుంపట్టీ విప్పి చూడండమ్మా," అంది ఆమె. "నెత్తురు కూడా పడుతోంది."

అద్దంలోంచి తాళాలాయన అటే చూస్తున్నాడు. నవ్వు మొహం మీద అలాగే ఉండిపోయింది, కళ్లు మాత్రం మారిపోయాయి.

ఆ రోజే వార్డులో పడుకోబెట్టారు. పేగు లోపలంతా పచ్చిపుండులా ఉందన్నారు. ఇంకొక్కసారి మందు పడి ఉంటే చిల్లు పడేదేమో అంది డాక్టరమ్మ. వేరే మందులిచ్చి పేగు నయం చేశారు. కొత్త మందు మాత్రం ఆపేశారు. ఇంత దూరం వచ్చాక మళ్లీ ఇవ్వకూడదట, నియమం.

ఇంటికొచ్చిన తాళాలాయన ఆమెతో మాట మానేశాడు. ఏం కావాలన్నా గోడకు చెప్పేవాడు. "ఎవరైనా మంచినీళ్లిస్తే బాగుణ్ణు." "ఈ ఇంట్లో దుప్పటి ఇచ్చే దిక్కు కూడా లేదా." ఆమె ఇచ్చేది, గోడ తరపున.

పరీక్షలకు ఆసుపత్రికి వెళితే హెడ్మాస్టరు హాలంతా వినబడేలా అన్నాడు. "పాపం, ఇంట్లోనే పోలీసును పెట్టుకున్నాడయ్యా!" అందరూ నవ్వారు. పక్క కుర్చీలో ఉన్నావిడ సంచీ తీసి ఒళ్లో పెట్టుకుని అవతలికి జరిగింది.

కొన్ని నెలలు గడ్డ ఊరుకుంది. తరవాత లేచింది, ఎముకల్లోకి దిగింది. ఇక ఇవ్వడానికి ఏ మందూ మిగల్లేదు. మంచం మీద నుంచి లేవలేని రోజుల్లో తాళాలాయన మొదటిసారి ఆమె మొహంలోకి చూసి మాట్లాడాడు.

"ఆ రోజు నోరు మూసుకుని ఉంటే నీ సొమ్మేం పోయేదే?"

ఆఖరి మాట అది కాదు. ఆ తరవాత దాహం అన్నాడు, కాళ్లు లాగుతున్నాయన్నాడు. ఆమెకు మిగిలింది మాత్రం అదే.

ఆయన పోయాక కొన్నాళ్లకు ఆమె ఒక్కతే డాక్టరమ్మ దగ్గరికి వెళ్లింది. మందు ఈ మధ్యే బజారులోకి వచ్చింది. హెడ్మాస్టరు నిక్షేపంలా ఉన్నాడు.

"ఆపకపోయి ఉంటే బతికేవాడా అమ్మా?"

డాక్టరమ్మ చేతిలో కలం బల్ల మీద పెట్టింది.

"బహుశా పేగు చిల్లుపడి ఇంకా ముందే పోయేవాడు. కానీ తట్టుకుని నిలబడ్డవాళ్లూ ఉన్నారు. ఆపేశాక కూడా ఏళ్ల తరబడి బాగున్నవాళ్లూ ఉన్నారు. మీ ఆయనకు ఏం జరిగేదో నేను చెప్పలేనమ్మా. వందలమందిని కలిపి చూస్తే ఒక లెక్క తేలుతుంది. ఒక్క మనిషి గురించి ఎవరూ చెప్పలేరు." కలం మళ్లీ చేతిలోకి తీసుకుంది. "మీరు చెప్పడం మాత్రం చాలా మంచిపని. ఇప్పుడు అందరికీ ఆసుపత్రి బట్టలు తొడిగించి తూకం వేస్తున్నాం. దానివల్ల ఎంతమందికి..."

"మీకు వందలమంది ఉన్నారు," అంది ఆమె. "నాకు ఒక్కడే."

డాక్టరమ్మ ఏదో అనబోయింది. ఇంతలో సిస్టరు తలుపు తీసి, బయట చాలామంది ఉన్నారు మేడం, అంది.

— బుజ్జక్క, అరవై ఎనిమిదేళ్లు. ప్రస్తుతం ఉండేది చెల్లెలి ఇంట్లో, మేడ మీది గదిలో.