గుమ్మటానికి అవతలి వైపు

పాత నగరంలో కోట చూడవచ్చినవాళ్ళంతా ఆమెను గైడమ్మ అనే పిలిచేవారు. గుక్క తిప్పుకోకుండా మూడు రాజవంశాల కథ చెప్పగల మనిషి. అలాంటిది, మంచి సీజనులో ఆమె గొంతు మొరాయించింది. మొదట బొంగురుపోయింది, తరవాత నూనె లేని తలుపులా కిర్రుమంది, ఆఖరికి గాలి తప్ప ఏమీ రాలేదు. డాక్టరు లైటు వేసి చూసి, "నేను చెప్పేదాకా నోరు మెదపకండి. గుసగుసలు కూడా వద్దు, అవి ఇంకా చెరుపు" అన్నాడు.

"ఇంట్లో కాస్త ప్రశాంతంగా ఉంటుందిలెండి" అన్నాడు పక్కనున్న ఆమె భర్త. అన్నాక భార్య ముఖం చూసి, డాక్టరుగారి బల్ల మీద పేపరువెయిటును శ్రద్ధగా పరిశీలించసాగాడు.

ఆయన టూరిస్టు బస్సు డ్రైవరు. కిందటేడే రిటైరయ్యాడు. వాళ్ళిద్దరి పరిచయం ఆ బస్సులోనే. ఆమె ముందు నిలబడి మైకులో చెప్పేది, ఆయన స్టీరింగు తిప్పేవాడు. కోట దగ్గర అందరూ దిగిపోగానే ఆయన వెనక సీటులో కాళ్ళు జాపుకుని నిద్రపోయేవాడు. ఉద్యోగమంతా కోట చుట్టూ తిరిగాడు కానీ ఒక్కసారీ లోపల అడుగు పెట్టలేదు. "రాళ్ళలో ఏముందే, నువ్వు చూశావు కదా, చాలు" అనేవాడు. ఆ మాట ఆమె నవ్వుతూనే వినేది గానీ, మనసులో ఎక్కడో ముల్లులా గుచ్చుకునేది.

మర్నాడు పొద్దున ఒక బృందం రావాలి. రిటైరైన టీచర్లు, దూరం నుంచి వస్తున్నారు, ఈ గైడమ్మే కావాలని పట్టుబట్టినవాళ్ళు. ఆయన మిగతా గైడులందరికీ ఫోన్లు చేశాడు. ఒక్కరికీ ఖాళీ లేదు. ఫోను పెట్టేసి, గ్లాసులో గోరువెచ్చటి నీళ్ళు పోసి ఆమె చేతికిస్తూ, "నేనొస్తా. నువ్వు సైగ చెయ్యి, నేను చెప్తా" అన్నాడు.

ఆమె భయపడిపోయి, వద్దని రెండు చేతులూ ఊపింది.

"నాకు రాదనా నీ అనుమానం? వంటింట్లో నువ్వు గిన్నెలు తోముతూ అప్పజెప్పుకునే పాఠమేగా. నాకు నిద్రలో లేపినా వచ్చు."

అలా పొద్దున్నే ఇద్దరూ కోట ముందు నిలబడ్డారు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, పాత అలవాటు కొద్దీ తాళంచెవులు వేలికి తిప్పుతూ ఆయన మొదలుపెట్టాడు.

"ఈ కోట కట్టించింది చిన్నరాజు. అదిగో, ఆ బురుజు కట్టించింది వాళ్ళ నాన్న."

ఆమె కళ్ళతోనే కాల్చేసింది. కోట తండ్రిది, బురుజు కొడుకుది. కోట వైపు చూపించి, తండ్రి అనడానికి గుర్తుగా లేని మీసం మెలేసింది.

ఆయన తలూపాడు. "అవునవును. రాజుగారికి మీసాలంటే మహా మోజు."

టీచర్లలో ఇద్దరు బుద్ధిగా రాసుకున్నారు. పొడుగాటి లెక్కల మాస్టారు మాత్రం కళ్ళజోడు సవరించుకుని, "మీసం సంగతి కాదేమోనండీ. కోట తండ్రిదని అమ్మగారు అంటున్నట్టుంది" అన్నాడు. ఆమె దణ్ణం పెట్టినంత పని చేసింది. అందరూ నవ్వారు, డ్రైవరుగారే అందరికంటే ముందు. ఆ నవ్వుతో ఆమె భయం సగం దిగింది.

సింహద్వారం ముందు దారి ఒక్కసారిగా పక్కకు తిరుగుతుంది. అక్కడ ఆమె ఎప్పుడూ 'రక్షణ వాస్తు' అని ఒక పెద్ద మాట వాడి ముందుకు సాగిపోయేది. ఆయన సైగ కోసం ఆగలేదు. మలుపులో నిలబడి అటూ ఇటూ చూశాడు.

"దీని సంగతి నన్నడగండి. బస్సు తిరగక నేను రోజూ అవతలే ఆపేవాణ్ణి. ఎంత గట్టి తలుపైనా దూలంతో పొడిచి విరగ్గొట్టాలంటే పరుగు కావాలి కదా? శత్రువులు అంత దూరం నుంచీ దూలం మోసుకుంటూ ఊపు మీద వస్తారు. ఇక్కడికి రాగానే ఎదురుగా గోడ. ఆగాలి, వెనక్కి జరగాలి, దూలాన్ని తిప్పాలి. ఆ కాస్సేపట్లో పైవాళ్ళు నెత్తిన రాళ్ళు పోస్తారు. తిప్పడానికి చోటివ్వలేదు మహానుభావుడు. ఎవరో బండి నడిపినవాడే కట్టి ఉంటాడు."

లెక్కల మాస్టారు దూలం భుజాన ఉన్నట్టు నాలుగడుగులు పరుగెత్తి, మలుపులో ఆగి చూసుకుని, "నిజమే" అన్నాడు. గైడమ్మకు ముచ్చటేసింది. ఆ మలుపులో అంతసేపు నిలబడి తానెన్నడూ చూడలేదు.

కోటకు నీళ్ళు నిలవ ఉంచేందుకు భూమి కింద కట్టిన మందిరంలో చల్లగా, మసకగా ఉంది. చుట్టూ స్తంభాల అడవి, ఏ రెండూ ఒక్కలా లేవు. ఒకటి పొట్టిదైతే కింద దిమ్మె వేశారు, ఇంకొకటి తలకిందులుగా నిలబెట్టారు. అవి అంతకు ముందు కూలిపోయిన కట్టడాలవని ఆమె చేతులతో కూల్చి, ఎత్తి, నిలబెట్టి చూపించింది. ఈసారి ఆయనకు ఇట్టే అర్థమైంది. "మా డిపోలో ఒక బస్సుండేది. ఇంజను ఒకదానిది, తలుపులు ఇంకోదానివి. అన్నిటికంటే ఎక్కువ కాలం నడిచింది అదే."

చివరగా గుమ్మటం. లోపల ఒకటి, బయట ఒకటి, రెండు చిప్పలు. మధ్యలో మనిషి నడిచేంత ఖాళీ. బరువు తగ్గించడానికి పైకప్పులో బోలు ఇటుకలు పేర్చారు. దాని కింద గుండ్రటి వసారాలో ఒక వైపు గోడకు నోరు ఆనించి మెల్లగా పలికితే, మాట గోడ వెంబడి పాకి అవతలి వైపున్నవాళ్ళ చెవిలో పడుతుంది. అక్కడ గుసగుసలాడే పని ఎప్పుడూ ఆమెదే. వచ్చినవాళ్ళు అవతల చెవులు రిక్కించి నోరెళ్ళబెట్టేవాళ్ళు.

ఈసారి ఆయన్ని ఇటు నిలబెట్టి, టీచర్లతో కలిసి ఆమె అవతలికి నడిచింది. అలవాటు లేని చోట నిలబడి గోడకు చెవి ఆనించింది. చల్లటి రాయి. ముందు గొంతు సవరించుకున్న చప్పుడు, పక్కనే నిలబడి సవరించుకున్నట్టు.

"వినబడుతోందా? కాళ్ళు లాగేస్తున్నాయే."

టీచర్లు పకపక నవ్వారు. తరవాత గోడ ఇంకా మెల్లగా పలికింది.

"ఇంత బావుంటుందనుకోలేదు. నువ్వు చెప్తూనే ఉన్నావు, నేనే రాలేదు."

వసారాలో ఎవరూ నవ్వలేదు. అవతల చాలా దూరంలో ఆయన గోడకు ముఖం పెట్టుకుని, ఇటు వీపు తిప్పి, పిల్లాడిలా నిలబడి ఉన్నాడు. ఆమెకు బదులు చెప్పాలనిపించింది. డాక్టరు మాట గుర్తొచ్చి నోరు మూసుకుంది. వేలి గోరుతో గోడ మీద టకటక కొట్టింది. అవతల ఆయన ఉలిక్కిపడి రాయిని తడిమి చూసుకోవడం చూసి, ఆమె శబ్దం లేకుండా, భుజాలు కదిలిపోయేలా నవ్వింది.

టీచర్లు సెలవు తీసుకున్నాక, ఇంటికే వెళ్ళవలసింది. ఆయన కదల్లేదు. "ఆ బురుజు పైకి ఎక్కనిస్తారా?" అని అడిగాడు. కాళ్ళు లాగుతున్నాయన్న మనిషి ఆమెకంటే ముందు మెట్లెక్కాడు.

పైనుంచి నగరం పరిచినట్టు కనిపించింది. ఇళ్ళ మధ్య ఒక రోడ్డు వంపులు తిరుగుతూ కోటను చుట్టి వస్తోంది. "మన బస్సు రూటు" అంటూ ఆయన మురిసిపోయాడు. ఆమె తల అడ్డంగా ఊపి, కిందనున్న కోటగోడ ముక్క చూపించింది. తరవాత వేలిని ఆ రోడ్డు వెంటే మెల్లగా తిప్పి, దూరంగా మిగిలిన ఇంకో గోడ ముక్క దగ్గర ఆపింది. ఆయన ఆ వేలి వెంట చూశాడు, మళ్ళీ మొదటినుంచీ చూశాడు.

"బయటి గోడ పడగొట్టి రోడ్డేశారా?"

ఆమె తలూపింది.

"అయితే ఆ వంపులన్నీ గోడవి. నేనేమో రోడ్డు వేసినవాణ్ణి రోజూ తిట్టుకునేవాణ్ణి." ఆమె వైపు తిరిగి, "అంటే నేనిన్నేళ్ళూ కోటలోనే తిరిగాను. ఊరికే నన్ను ఆడిపోసుకున్నావు" అన్నాడు.

ఆమె ఆయన భుజం మీద ఒక్కటిచ్చి, పక్కనే చతికిలబడింది. ఎండ చల్లబడి, కాపలాదారు కింద ఈల వేసేదాకా ఇద్దరూ అక్కడే కూర్చున్నారు.

కొన్నాళ్ళకు ఆమె గొంతు బాగుపడింది. ఇప్పుడు ఆమె వెంట ఆయన కూడా కోటకు వెళుతున్నాడు. బృందం వెనకాల చేతులు కట్టుకుని నిలబడి వింటాడు. సింహద్వారం మలుపు దగ్గర మాత్రం ఆమె పక్కకు తప్పుకుని, "ఇది ఆయన చెప్తారు" అంటుంది.